నీటి సరఫరా ప్రతిపాదనపై మీ అభిప్రాయం లెక్కలోకి రావాలంటే ఎలా రాయాలి?

కొన్ని ఊళ్లను కలిపి ఒక ప్రాంతానికంతా నీళ్లిచ్చే వ్యవస్థ పెట్టాలన్నా, ఉన్నదానికి కొత్తగా డబ్బు సమకూర్చాలన్నా ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంటారు. అప్పుడు చాలామంది రాసేవి రెండే మాటలు: ‘ఛార్జీలు పెంచొద్దు’, ‘ప్రైవేటుకు ఇవ్వొద్దు’. రెండూ న్యాయమైన కోరికలే కావచ్చు. కానీ వచ్చిన వాటన్నిటినీ క్రోడీకరించే అధికారి వాటిని ‘పెంపుపై వ్యతిరేకత’ అనే ఒక్క వరుసలో చేర్చి పక్కన పెట్టేస్తారు. అదే మీరు ఫలానా పేజీలోని ఫలానా అంకెను ఎందుకు మార్చాలో చెబితే, దానికి ఏదో ఒక జవాబు రాయాల్సి వస్తుంది.

1. ఇంకా తేలనిది ఏదో ముందు కనుక్కోండి

అభిప్రాయాలు అడిగేసరికి కొన్ని సంగతులు అప్పటికే తేలిపోయి ఉంటాయి. చట్టం తప్పనిసరి చేసిన నాణ్యతా ప్రమాణాలు, సంతకాలైపోయిన కాంట్రాక్టులు ఆ కోవలోవి. వాటి మీద రెండు పేజీలు రాసినా ఫలితం తక్కువ. ప్రతిపాదనలో ఎన్ని మార్గాలు చూపించారు, దేనివైపు మొగ్గారు, ఎవరు ఎప్పుడు నిర్ణయిస్తారు, గడువు ఎప్పుడు అనేవి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే మార్గం చూపించి ‘మీరేమంటారు’ అని అడిగితే, మిగతా మార్గాలను ఎందుకు వదిలేశారన్నదే మీ మొదటి ప్రశ్న.

2. డబ్బు లెక్కలున్న పేజీలు చదవండి

రంగురంగుల బొమ్మలున్న సంక్షిప్త ప్రతి కాకుండా వెనకాల అనుబంధాల్లో ఉండే పట్టికలు తీయండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది. నీటి వ్యవస్థకు డబ్బు వచ్చే దారులు ప్రధానంగా మూడు: వాడకందారుల ఛార్జీలు, పన్నుల సొమ్ము, బయటి గ్రాంట్లు. అప్పును నాలుగో దారిగా చూపిస్తారు కానీ, దాన్ని కూడా చివరికి ఈ మూడింటి నుంచే తీర్చాలి.

అప్పు అనగానే ఉలిక్కిపడక్కర్లేదు. మంచి పైపులైను యాభై ఏళ్లకు మించి పనిచేస్తుంది. దాని ఖర్చంతా ఈ ఏడాది బిల్లులో వేయడం కన్నా, దాన్ని వాడుకోబోయే వాళ్లందరి మీదా పంచడమే న్యాయం. అయితే కరెంటు బిల్లు, క్లోరిన్, జీతాల లాంటి రోజువారీ ఖర్చులకు అప్పు తెస్తుంటే మాత్రం గట్టిగా అడగాలి. అరుగుదల పద్దు కూడా చూడండి. ఏటా పాతబడే పైపులు, పంపుల విలువకు తగ్గట్టు వాటిని మార్చే పనులకు డబ్బు కేటాయించకపోతే, ఇవాళ తక్కువగా కనిపించే ఛార్జీ పదేళ్ల తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. ‘ఛార్జీలు పెంచం’ అనే హామీ మీద నాకు పెద్దగా నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

తర్వాత బిల్లు తీరు చూడండి. స్థిర ఛార్జీ ఎంత, వాడకాన్ని బట్టి వేసేది ఎంత? బిల్లులో సగం స్థిర ఛార్జీ అయితే, ఒక ఇల్లు వాడకాన్ని మూడో వంతు తగ్గించినా బిల్లు తగ్గేది ఆరో వంతే. పొదుపు చేయండని ఒక పేజీలో చెప్పి, పొదుపుకు ఫలితం దక్కకుండా ఇంకో పేజీలో ధర పెడితే ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూపించండి. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబుల పద్ధతిలోనూ ఒక చిక్కుంది. ఒకే కనెక్షన్ మీద మూడు కుటుంబాలు బతికే చోట, మనిషికి వాడేది కొంచెమే అయినా మొత్తం కలిసి పై శ్లాబులోకి పోతుంది. పేదలకు మేలు చేయాలని పెట్టిన పద్ధతి వాళ్లకే భారమవుతుంది. మీ ఇంటి పరిస్థితి ఇదే అయితే తప్పకుండా రాయండి.

ఇంకో అంకె కూడా వెతకండి: పంపు చేసినా బిల్లుకు రాని నీరు. లీకేజీలు, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు అన్నీ ఇందులోకి వస్తాయి. శుద్ధి చేసిన 100 లీటర్లలో 70కే బిల్లు వస్తుంటే, ఆ 70 లీటర్ల ధరలోనే 100 లీటర్ల ఖర్చూ రాబట్టాలి. కొత్త రిజర్వాయరుకు డబ్బు అడిగే ప్రతిపాదనలో లీకేజీలు తగ్గించే లక్ష్యం, దానికి గడువు లేకపోతే ముందు అదే అడగండి.

3. ఎవరు నడుపుతారు, ఎవరు జవాబు చెబుతారు?

చర్చ ప్రభుత్వమా, ప్రైవేటా అన్న చోటే ఆగిపోతుంటుంది. రెండు వైపులా ఉదాహరణలున్నాయి. పారిస్ నగరం 2010లో ప్రైవేటు కంపెనీల నుంచి నీటి సరఫరాను తిరిగి తీసుకుంది, మరుసటి ఏడాది ధర 8 శాతం తగ్గించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1989లో ప్రైవేటుపరం చేసినప్పుడు పాత అప్పులు రద్దు చేశారు. 2020ల నాటికి ఆ రంగం అప్పు 6,000 కోట్ల పౌండ్లు దాటింది. ఇవి చదివి ప్రభుత్వం నడిపితే చాలనుకుంటే కెనడాలోని వాకర్టన్ గుర్తుకు రావాలి. అక్కడ నీటి వ్యవస్థ ప్రభుత్వానిదే. 2000 మే నెలలో కలుషితమైన బావి నీళ్లు కుళాయిల్లోకి వచ్చి ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. క్లోరిన్ రికార్డుల్లో తప్పుడు అంకెలు రాశారని తర్వాత విచారణలో తేలింది.

అందుకే యజమాని ఎవరన్నదానితో పాటు ఇవి కూడా అడగండి. నీటి పరీక్షల ఫలితాలు ఎంత తరచుగా, ఎక్కడ ప్రచురిస్తారు? నడిపే సంస్థను తనిఖీ చేసేది ఎవరు, ఆ తనిఖీదారు ఆ సంస్థకు చెందనివారేనా? లాభాల పంపకానికి పరిమితి ఉందా? కాంట్రాక్టు ప్రజలకు చూపిస్తారా? ఈ చివరి ప్రశ్న చిన్నదేం కాదు. బెర్లిన్‌లో 2011లో నీటి కాంట్రాక్టులన్నీ బయటపెట్టాలని ఓటర్లు రిఫరెండంలో తీర్పిచ్చారు. 2013 నాటికి నగరం తన నీటి సంస్థలోని ప్రైవేటు వాటాలను తిరిగి కొనేసింది.

ఊళ్లను కలిపే ప్రతిపాదనలో ఇంకో తగాదా తప్పదు. పైపులు చక్కగా చూసుకున్న ఊరు, చూసుకోని పొరుగు ఊరి ఖర్చు మోయాలా? కలవడం వల్ల నిపుణులు, ల్యాబు, అప్పు మీద తక్కువ వడ్డీ లాంటి లాభాలు నిజంగానే దక్కవచ్చు. కాబట్టి కలవొద్దనే ముందు, కొన్నేళ్లు ఊరి పద్దులు విడిగా ఉంచుతారా, ధరలు ఎన్నేళ్లలో సమానం చేస్తారు, పాలకమండలిలో చిన్న ఊళ్లకు ఎన్ని సీట్లు అని అడగడం మేలు.

4. మీ దగ్గరున్న ఆధారాలు

ఒక ఏడాది బిల్లులు, నీళ్లు వచ్చిన వేళలు, పైపు పగిలిన తేదీ, బాగుచేసిన తేదీ. అధికారుల పట్టికలో సగటు మాత్రమే ఉంటుంది, మీ వీధి చివర నీటి ప్రెషర్ ఎంతో ఉండదు.

5. రాయడం

ఒక పేజీ చాలు, రెండు దాటితే చదివేవాళ్లు తగ్గుతారు. మొదటి వాక్యంలోనే సమర్థిస్తున్నారో, వ్యతిరేకిస్తున్నారో, మార్పులతో ఒప్పుకుంటున్నారో చెప్పండి. ఆ తర్వాత ఒక్కో అంశానికి మూడు సంగతులు: ఏది మార్చాలి, ఎందుకు, ఏ పేజీ.

‘స్థిర ఛార్జీ అన్యాయం’ అని వదిలేయకుండా ఇలా రాయవచ్చు: ‘14వ పేజీలోని స్థిర ఛార్జీని బిల్లులో నాలుగో వంతుకు తగ్గించండి. ఒకే కనెక్షన్ మీద ఉన్న కుటుంబాలకు, కుటుంబాల సంఖ్యను బట్టి శ్లాబు లెక్కించండి. మా భవనం ఏడాది బిల్లులు జతచేశాను.’

టిక్కులు పెట్టే ఫారంలో ప్రశ్నలే ఒకవైపు మొగ్గి ఉంటే, మీకు సరిపడని చోట టిక్కు పెట్టకుండా వ్యాఖ్యల గడిలో కారణం రాయండి. ఎవరో పంపిన నమూనా ఉత్తరాన్ని యథాతథంగా పంపకండి. ఒకే మూసలో వచ్చిన వందల ఉత్తరాలను ఒకే అంశంగా కలిపేయడం మామూలే. మీ సొంత మాటలు నాలుగు చేర్చినా తేడా ఉంటుంది. వచ్చిన అభిప్రాయాలను ప్రచురించే చోట్లూ ఉన్నాయి కాబట్టి, ఫోన్ నంబరు, చిరునామా అడిగిన గడిలో తప్ప ఉత్తరంలో రాయకండి.

6. బహిరంగ విచారణలో

మాట్లాడే అవకాశం ఉంటే పేరు నమోదు చేయించుకోండి. ఇచ్చేవి కొద్ది నిమిషాలే. రాసిచ్చింది మళ్లీ చదవడం దండగ, అది విచారణ జరిపే అధికారుల ముందే ఉంది. ఒక్క అంశం ఎంచుకుని, చివర్లో ఒక్క కోరిక చెప్పి ఆపండి. ‘మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి’ అని వాళ్లు అడుగుతారు. దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి. టెన్షన్ అనిపిస్తే చిన్న చీటీ చూసి చెప్పినా ఎవరూ తప్పుపట్టరు.

7. తర్వాత

రసీదు లేదా నమోదు సంఖ్య దాచుకోండి. అభిప్రాయాల సారాంశ నివేదిక వచ్చాక మీ అంశం అందులో ఉందో లేదో, దానికి ఏం జవాబిచ్చారో చూడండి. లేకపోతే తుది నిర్ణయం జరిగే సమావేశానికి ముందే ఆ సంఖ్య వేసి రాతపూర్వకంగా అడగండి. ఆ సమావేశం అయ్యాక అడిగితే ‘తదుపరి సమీక్షలో పరిశీలిస్తాం’ అన్న జవాబే వస్తుంది.