కెండో ఇంట్లో నేర్చుకుందాం – 3: కుడి చెయ్యి చేసే పెత్తనం

కెండో అంటే జపాన్ కత్తి విద్య. పోయినసారి రోజుకు వంద సుబురి, అంటే గాల్లో కత్తి ఎత్తి దింపే దెబ్బలు, కొట్టమన్నాను. కొట్టినవాళ్లలో సగంమందిది ఒకటే ఫిర్యాదు: కుడి భుజం పట్టేసింది, అన్నం కలపాలన్నా చెయ్యి లేవట్లేదు. తప్పు నాదే. ఎన్నిసార్లు కొట్టాలో చెప్పాను గానీ బొకెన్ (సాధన చేసే చెక్క కత్తి) ఎలా పట్టుకోవాలో ఒక్క ముక్కలో తేల్చేశాను. కాబట్టి ఈసారి ఇస్తానన్న అడుగుల పాఠం ఆగుతుంది.

ఎడమ చెయ్యి పిడి చివర, కుడి చెయ్యి పైన. ఎడమచేతివాటం వాళ్లకూ అంతే, మార్చకూడదు.

కత్తిని లేపేదీ దింపేదీ ఎడమ చెయ్యి. కుడి చెయ్యి దారి చూపిస్తే చాలు. మనకేమో చిన్నప్పట్నించీ క్రికెట్ బ్యాటు అలవాటు. సిక్సర్ కొట్టాలంటే కింది చేత్తో లాగేస్తాం. ఇక్కడా కుడి చేత్తో అదే చేస్తే భుజం పట్టెయ్యక ఏమవుతుంది?

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. పట్టు గురించి జపాన్‌లో 'చాకిన్ షిబొరి' అంటారు, గుడ్డ పిండినట్టు అని. అది విన్నవాళ్లంతా తడి దుప్పటి పిండినట్టు పిడిని మెలిపెడతారు. చాకిన్ అంటే దుప్పటి కాదండీ! తేనీటి వేడుకలో గిన్నె తుడిచే చిన్న గుడ్డ. దాన్ని రెండు చేతులూ లోపలికి తిప్పుతూ సుతారంగా పిండుతారు. అదీ దెబ్బ తగిలే క్షణంలోనే, వెంటనే వదిలెయ్యాలి. మిగతా సమయమంతా పిడిని పట్టి ఉంచేది చిటికెన వేలు, ఉంగరం వేలు. చూపుడు వేలు ఊరికే ఆని ఉంటుంది. గొడుగు పట్టుకున్నప్పుడు ఎవరైనా మెలిపెడతారా? అలాగే. పై నుంచి చూస్తే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు రెండు చేతుల్లోనూ కత్తి వీపు మీదే ఉండాలి. పక్కనుంచి సుత్తిలా పట్టుకుంటే పదును పక్కకి పోతుంది.

సరిగ్గా పట్టారో లేదో బొబ్బలే చెబుతాయి. ఎడమ అరచేతిలో చిటికెన, ఉంగరం వేళ్ల మొదట్లో లేస్తే శుభం. కుడి బొటనవేలి దగ్గర చర్మం ఊడితే మళ్లీ మొదటికి రండి.

సాధన: వారం రోజులు కుడి చెయ్యి నడుము మీదే. ఎడమ చేత్తో పదేసి చొప్పున రోజుకు మూడు విడతలు. ఎనిమిదో రోజున కుడి చేతిని పిడి మీద ఊరికే ఆనించి ఇరవై. నేనైతే మోకాళ్ల మీద కూర్చుని కొడతాను. మా హాల్లో ఫ్యాన్ రెక్క ఒకటి ఇప్పటికీ వంకరే.