సేఫ్టీ రికార్డులు, 4వ పాఠం: ట్యాంకు మూత దగ్గర ఉండాల్సిన కాగితం

ప్రమాదం జరిగాక రాయవలసిన కాగితాలను గత పాఠంలో చూశాం. అమెరికాలో పనిచోట భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నియమాల ప్రకారం గాయం సంగతి తెలిసిన 7 రోజుల్లోగా దాన్ని నమోదు చేయాలి, ఆ రికార్డులను 5 సంవత్సరాలు భద్రపరచాలి. ఈసారి మనిషి ట్యాంకులోకి దిగకముందే రాసే కాగితం గురించి, ఓడల ట్యాంకులను ఉదాహరణగా తీసుకుని, తెలుసుకుందాం. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలోనో మిర్యాలగూడ రైసుమిల్లులోనో పనిచేసేవారికి ఓడల సంగతి ఎందుకని అనిపించవచ్చు. కానీ మూసి ఉన్న ట్యాంకుల విషయంలో షిప్‌యార్డులకు (ఓడలు కట్టే, బాగుచేసే చోట్లకు) ఓషా పెట్టిన నియమావళి, అంటే పార్ట్ 1915, చాలా వివరంగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి అదే అనువైనది.

మొదటిది పేర్ల జాబితా. ట్యాంకును పరీక్షించే అర్హత గల వ్యక్తులెవరో, వారు ఏ తేదీన శిక్షణ పొందారో యజమాని రాసి ఉంచాలి. దీనికి ఒక పేజీ చాలు.

అసలు పని పరీక్ష రికార్డులో ఉంది. పరీక్షించిన చోటు, తేదీ, సమయం, అక్కడ చేయబోయే పని, వచ్చిన రీడింగులు, ఇచ్చిన సూచనలు అన్నీ అందులో ఉండాలి. పని సాగినంతకాలం ఆ కాగితం ఆ చోటికి దగ్గరలోనే కనబడాలి, పని ముగిశాక కనీసం 3 నెలలు ఫైలులో ఉండాలి. కొలిచిన మనిషే రాయడం ఇందులో కీలకం. 2025 వరకు అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ కూడా అర్హుడు స్వయంగా చేసిన పరీక్ష ఆధారంగానే ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. ఆఫీసులో కూర్చుని నింపిన ఫారం ఎంత నీటుగా ఉన్నా, నా దృష్టిలో అది రికార్డు కాదు.

రీడింగులకు వరుస ఉంది: ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, చివర విషవాయువు. ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట మండే వాయువును కొలిచే మామూలు మీటరు సరైన అంకె చూపదు కాబట్టి ఈ వరుస మార్చకూడదు. పాత బావిలో పూడిక తీసే ముందు మన పల్లెల్లో దీపం దించి చూసేవారు; మండే ఆవిరి ఉన్న ట్యాంకులో ఆ దీపమే ప్రాణం తీస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 22 శాతానికి చేరకూడదు. మండే ఆవిరి, గాలిలో నిప్పంటుకోవడానికి కావలసిన కనిష్ఠ మోతాదులో 10 శాతం కన్నా తక్కువే ఉండాలి. మూసి ఉంచిన ట్యాంకులో ఏ గ్యాసూ లేకపోయినా, తుప్పు పట్టే ఇనుమే ఆక్సిజన్‌ను తినేస్తుంది.

“ట్యాంకు చూశాం, ఓకే” అని రాసి సంతకం పెట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని ఇలా రాయాలి (బ్యాలస్ట్ ట్యాంకు అంటే ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకు, బ్లోయరు అంటే లోపలికి గాలి పంపే ఫ్యాను): “3వ నంబరు బ్యాలస్ట్ ట్యాంకు, ఎడమవైపు. ఉదయం 7.40. ఆక్సిజన్ 20.8 శాతం, మండే ఆవిరి 0, కార్బన్ మోనాక్సైడ్ 0. పని: తుప్పు గీకడం. బ్లోయరు ఆగితే అందరూ బయటికి రావాలి, మళ్లీ కొలిచాకే దిగాలి.” దీని కింద తేదీ, కొలిచినవారి పేరు, సంతకం ఉండాలి.

అభ్యాసం: అదే ట్యాంకులో మధ్యాహ్నం 2 గంటలకు ఆక్సిజన్ 19.1 శాతం, మండే ఆవిరి పైన చెప్పిన కనిష్ఠ మోతాదులో 12 శాతం వచ్చాయనుకోండి. రెండో రికార్డు పూర్తిగా రాయండి. మూత దగ్గర ఏ హెచ్చరిక బోర్డులు పెడతారో, ఉదయం కాగితాన్ని ఏం చేస్తారో కూడా రాయండి. మనుషులు దిగకూడదని ఒకటి, వెల్డింగ్ వంటి వేడి పనులు చేయకూడదని ఒకటి, రెండు బోర్డులూ అవసరమే. ఉదయం కాగితం ఫైలులోకి వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.