లోతుకెళ్లాక గాలి అందడం లేదా? ముందు వాల్వ్ చూడండి

సమస్య: స్కూబా డైవింగ్‌కు వెళ్లారు. పడవ మీద రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) గాలి హాయిగా ఆడుతుంది. కిందికి దిగి, మునిగిన ఓడ పక్కకు చేరేసరికి ఒక్కో ఊపిరీ బలవంతంగా లాగాల్సి వస్తుంది.

రుషికొండ నుంచి మాతో వచ్చేవాళ్లు ముందు చలినే అనుమానిస్తారు. మార్చి, ఏప్రిల్‌లో విశాఖ తీరాన అడుగు నీళ్లు పైకి ఉబుకుతాయి, చల్లగానే ఉంటాయి. కానీ రెగ్యులేటర్ గడ్డకట్టేంత చలి మన సముద్రంలో లేదు. గడ్డకట్టినా గాలి ఆగకుండా తన్నుకొస్తుంది తప్ప బిగుసుకోదు.

కారణం: సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు. పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పడం పాత అలవాటు. అప్పటికే తెరిచి ఉన్న వాల్వ్‌ను ఇంకొకరు వచ్చి, తెరుస్తున్నామనుకుని మూసేసి, ఆ పావు చుట్టు 'వెనక్కి' తిప్పుతారు. ఇక తెరిచి ఉండేది ఆ పావు చుట్టే. పడవ మీద అది చాలు. 20 మీటర్ల లోతులో పీడనం 3 రెట్లు, ఒక్కో ఊపిరికి కావలసిన గాలీ 3 రెట్లు. ఆ సన్నని సందులోంచి అంత రాదు.

నాకూ జరిగింది. పైన గేజ్ (సిలిండర్‌లో పీడనం చూపే మీటర్) 200 బార్ చూపిస్తే నమ్మేశాను. ఓడకు చుట్టుకున్న పాత వల పక్కన ఊపిరి లాగినప్పుడల్లా ముల్లు దబ్బున పడిపోయి, వదలగానే లేచింది. నా బడ్డీ, అంటే నాతో జతగా దిగిన డైవర్, నా వెనక చెయ్యి పెట్టి వాల్వ్ తిప్పాకే గుండె కుదుటపడింది.

పరిష్కారం: దూకేముందు పడవ మీదే గేజ్ చూస్తూ నాలుగు పెద్ద ఊపిర్లు తీయండి. ముల్లు పడి లేస్తే వాల్వ్ చాలినంత తెరవలేదు. ఒక్క ఊపిరితో వదిలేస్తే తెలియదు, గొట్టాల్లో ఉన్న గాలే సరిపోతుంది. ఎడమవైపుకు చివరిదాకా తిప్పి వదిలేయండి. పావు చుట్టు వెనక్కి వద్దు.

కింద తెలిస్తే బడ్డీకి సైగ చేయండి. ఏ వైపు తిప్పాలో అతనికి అనుమానంగా ఉంటే వాల్వ్ ముట్టుకోనివ్వకండి, ఉన్న కాస్తా మూసుకుపోతుంది. అతని ఆక్టోపస్ (ఇంకొకరు ఊపిరి తీసుకోవడానికి ఉంచే అదనపు రెగ్యులేటర్) అందుకుని, ఊపిరి బిగబట్టకుండా, నిమిషానికి 9 మీటర్లు దాటకుండా ఇద్దరూ పైకి రండి.

రెగ్యులేటర్ మీద ఊపిరి బిగువు మార్చే నాబ్ బిగించి ఉంటే వదులు చేయండి. రెగ్యులేటర్ ఫిల్టర్‌లో తుప్పు కనిపిస్తే సర్వీసుకు ఇవ్వండి. ఇవి అరుదు.

చెక్ అయ్యాక ఎవరైనా మీ సిలిండర్ మీద చెయ్యి వేశారా? దూకేముందు ఆ నాలుగు ఊపిర్లూ మళ్లీ తీయండి.