వీఆర్‌లో కారు డిజైన్: లోపం కారుదా, సెటప్‌దా?

హనుమకొండ, కాజీపేట వైపు మెకానికల్ పిల్లలు ఇప్పుడు నమూనా చేయకముందే వీఆర్ హెడ్‌సెట్ (కంప్యూటర్‌లో గీసింది కళ్లముందు నిజంలా చూపే పరికరం) పెట్టుకుని తాము గీసిన కారులో కూర్చుని చూస్తున్నారు. చాలా మంచి పద్ధతి. అయితే సెటప్‌లోని లోపాన్ని కారుకు అంటగట్టి డ్రాయింగ్ మార్చేస్తే బాగున్న డిజైన్ చెడిపోతుంది. మార్పు జోలికి పోకముందే ఇవి చూసుకోండి.

కారు మరీ చిన్నగానో, మరీ పెద్దగానో కనిపిస్తోంది
యూనిట్ల తేడా. క్యాడ్‌లో, అంటే డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో, మిల్లీమీటర్లలో గీస్తాం. దాన్ని వీఆర్‌లో చూపే సాఫ్ట్‌వేర్లు వేరు: యూనిటీలో ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. ఇంపోర్ట్ చేసేటప్పుడే స్కేల్ సరిచేయండి. వెయ్యి రెట్లు తేడా వస్తే ఎవరికైనా తెలుస్తుంది. 5 శాతం పెరిగితేనే ప్రమాదం: "లోపల జాగా మస్తుంది" అని అందరూ మెచ్చుకుంటారు. కారు పక్కన మీటరు పొడవు కర్ర మోడల్ ఒకటి ఎప్పుడూ ఉంచండి.

రూఫ్ తలకు తాకుతోంది, బానెట్ కనిపించే తీరు తేడాగా ఉంది
"సార్, రూఫ్ ఇంకింత లేపుదామా?" అని అడిగేది ఇక్కడే. ఆగండి. మీరు కూర్చున్నది ల్యాబ్ కుర్చీ. దాని సీటు నేలకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలు కారులో సీటు ఫ్లోర్‌కు అంతకన్నా చాలా దగ్గర. కాళ్లు ముందుకు చాపుతాం, వీపు వెనక్కి వాలుతుంది. అంటే మీ కన్ను ఉండాల్సిన చోటికన్నా పైన ఉంది.

ఆటోనగర్‌లో పాత కారు సీటు ఒకటి చూసి, మీ డ్రాయింగ్‌లో ఉన్న ఎత్తుకూ వాలుకూ సరిపోయేలా చెక్క ఫ్రేము మీద బిగించండి. మోడల్‌లోని కారు ఫ్లోర్‌ను మీ కాళ్ల కింది నేలతో కలపండి. కంట్రోలర్‌ను (చేతిలో పట్టుకునే రిమోట్‌ను) నేల మీద పెట్టి చూడండి: హెడ్‌సెట్‌లో అది తేలినా, కూరుకుపోయినా నేల ఎత్తు మళ్లీ సెట్ చేయాల్సిందే. మనిషి మారినప్పుడల్లా కంటిపాపల మధ్య దూరం కూడా సరిచేయాలి. ఆ తర్వాత అయిదడుగుల అమ్మాయినీ, ఆరడుగుల అబ్బాయినీ కూర్చోబెట్టండి. అప్పటికీ తల తాకితే రూఫ్ సంగతి మాట్లాడుకుందాం.

తల తిరుగుతోంది, వికారంగా ఉంది
90 హెర్ట్జ్ హెడ్‌సెట్‌కు, అంటే సెకనుకు 90 బొమ్మలు చూపేదానికి, ఒక్కో ఫ్రేము (బొమ్మ) సుమారు 11 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ఆలస్యమైతే దృశ్యం తల కదలికకు వెనకబడి వికారం పుడుతుంది. క్యాడ్ ఫైలును ఉన్నదున్నట్టు తెస్తే కంటికి కనబడని బోల్టులు, ఇంజిన్ లోపలి భాగాలు కూడా లోడై కంప్యూటర్ నీరసిస్తుంది. వాటిని తీసేయండి. జాయ్‌స్టిక్‌తో జారుతూ తిరగకుండా నడవండి, లేదా టెలిపోర్ట్ (చూపిన చోటికి ఒక్కసారిగా చేరడం) వాడండి. ఓర్చుకుని చూడొద్దు, హెడ్‌సెట్ తీసేయండి.

డోర్ మీద మెరుపు ముక్కలు ముక్కలుగా విరుగుతోంది
వంపు త్రిభుజాలుగా మారేటప్పుడు ముతకగా మారింది. బయటి ప్యానెళ్లకు మాత్రం మెష్ (ఆ త్రిభుజాల వల) సన్నగా చేయండి. అసలు వంపు ఎలా ఉందో క్యాడ్‌లో జీబ్రా చారలు (ఉపరితలం మీద నలుపు తెలుపు చారల ప్రతిబింబం) పెట్టి చూస్తేనే నమ్మండి. ప్యానెల్ ఒకవైపు నుంచి మాయమైతే నార్మల్స్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశలు) తిరగబడ్డట్టు.

దృశ్యం వణుకుతోంది
హెడ్‌సెట్ కెమెరాలు గదిని చూసే మీరు ఎక్కడున్నారో కనుక్కుంటాయి. వాటిని తికమక పెట్టే కిటికీ ఎండ, అద్దం, లేదా ఏ గుర్తూ లేని తెల్లగోడ కారణం కావచ్చు. కర్టెన్ వేయండి, గోడకు నాలుగు పోస్టర్లు అంటించండి. మన మే నెల ఎండలో లెన్సులు కిటికీ వైపు పెట్టి వదిలేస్తే లోపలి స్క్రీన్ కాలిపోతుంది.

మీటర్ అంకెలు మసకగా ఉన్నాయి
అంకెల సైజు పెంచకండి. మన కంటికి ఉన్నంత స్పష్టత మామూలు హెడ్‌సెట్‌కు లేదు. మీటర్‌ను అసలు కొలతలో ప్రింట్ తీయించి, ఆ పాత సీటు ముందు స్టీరింగ్ దూరంలో అట్టకు అంటించి చదివి చూడండి.