సైనస్ పట్టేసిందా? యాంటీబయాటిక్ కంటే ముందు ఏం చేయాలి

"నాకు సైనస్ ఉందండీ" అంటుంటారు చాలామంది. సైనస్ అందరికీ ఉంటుంది! బుగ్గల వెనక, నుదుటి లోపల, కళ్ల మధ్య, పుర్రె లోతున ఉండే గాలి గదులే సైనస్‌లు, మొత్తం నాలుగు జతలు. వాటి లోపలి పొర వాచి, చీమిడి బయటికి రాలేక నిలిచిపోతే అది సైనసైటిస్. అన్నిట్లోకీ బుగ్గ వెనక గది మరీ చిత్రం. దాని కన్నం అడుగున కాదు, పైభాగాన ఉంటుంది. ట్యాంకుకి తూము పైన పెట్టినట్టన్నమాట. లోపలి సన్నని నూగు చీమిడిని పైకి తోస్తేనే బయటపడుతుంది. జలుబుకి ఆ కన్నం వాచిందా, బుగ్గ బరువెక్కుతుంది, వంగితే నొప్పి, పైపళ్లు కూడా సలుపుతాయి.

1. ముందు రోజులు లెక్కపెట్టండి

పోయిన చలికాలం మూడో రోజుకే మందుల షాపుకి వెళ్లి "సైనస్" అన్నాను. మూడు అజిత్రోమైసిన్ మాత్రలు చేతిలో పెట్టారు. తగ్గింది, కానీ వేసుకోకపోయినా తగ్గేదే. ఎక్కువ కేసులు వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి పచ్చగా ఉంటే బ్యాక్టీరియా అనుకోవడమూ పొరపాటే. పోరాడే తెల్లరక్తకణాల వల్ల కూడా ఆ రంగు వస్తుంది.

బ్యాక్టీరియాని అనుమానించాల్సింది ఎప్పుడంటే: 10 రోజులైనా ఏమాత్రం తగ్గకపోతే, ఐదారు రోజులకి తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడితే, లేదా మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చీములాంటి చీమిడి మూడు నాలుగు రోజులు వదలకపోతే.

2. ఉప్పునీళ్లతో ముక్కు కడగండి

ఇంట్లో చేసే వాటిలో నాకు బాగా నమ్మకమున్నది ఇదే. నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చండి. ఆర్వో నీళ్లయినా మరిగించాల్సిందే. 2024లో కేరళని వణికించిన మెదడు తినే అమీబా గుర్తుందిగా? కొన్ని రకాలు నీళ్లు తాగితే ఏమీ చేయవు, ముక్కులోంచి పైకెక్కితేనే ప్రాణాంతకం. 240 మిల్లీలీటర్ల నీళ్లకి అర టీస్పూన్ కంటే కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు తినే సోడా చాలు. అయోడిన్ లేని ఉప్పయితే మంట ఉండదు. లెక్కలెందుకనుకుంటే షాపులో ప్యాకెట్లు దొరుకుతాయి.

సింకు మీదికి వంగి, తల ఒక పక్కకి వాల్చి, నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. పై ముక్కు రంధ్రంలో జలనేతికి వాడే కొమ్ము చెంబుతో మెల్లగా పోస్తే కింది దాంట్లోంచి ధార కడుతుంది. మొదటిసారి ఉక్కిరిబిక్కిరి అవుతారు, రెండోసారికి అలవాటైపోతుంది. తర్వాత ఒక్కో వైపు మెల్లగా చీదండి, గట్టిగా చీదితే చెవులు దిబ్బడ వేస్తాయి. అరగంట తర్వాత కిందపడ్డ పెన్ను తీద్దామని వంగితే ముక్కులోంచి బొటబొటా నీళ్లు కారొచ్చు, కంగారొద్దు.

3. ఆవిరి, చుక్కలు, స్ప్రే

ఆవిరి హాయిగానే ఉంటుంది, ఇన్ఫెక్షన్‌ని మాత్రం పోగొట్టదు. పిల్లలకి మరిగే గిన్నె దగ్గర ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలుతుంది. ముక్కు వెంటనే తెరిపించే చుక్కల మందు మూడు రోజులకి మించి వేసుకుంటే, మానేయగానే ముక్కు ఇంకా బిగుసుకుంటుంది. డాక్టర్ రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. అది రోజూ వాడితే కొద్ది రోజులకి పనిచేస్తుంది. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుంటే మందు నడిమి గోడకి కాక పక్కకి పడుతుంది.

4. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

బ్యాక్టీరియాని అనుమానించాలని మొదట చెప్పిన మూడింట్లో ఒకటైతే వెళ్లండి. అవసరమైతే సాధారణంగా అమాక్సిసిలిన్, లేదా క్లావులనేట్ కలిసినది, ఐదు నుంచి ఏడు రోజులు రాస్తారు. చీమిడి ఒక్క వైపే, కుళ్లు వాసనతో వస్తుంటే పైదవడ పన్ను చూపించుకోండి. 12 వారాలు దాటితే ఎండోస్కోపీ, సీటీ స్కాన్, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

కన్ను వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, మెడ పట్టేసినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లకి బుగ్గ మొద్దుబారినా, ముక్కులో నల్లటి పొక్కు కట్టినా అంతే. 2021లో బ్లాక్ ఫంగస్ చాలామందిలో ఇలాగే బయటపడింది.

ఇంకొక్క మాట. ముక్కు దిబ్బడ, చీమిడి లేకుండా నెలనెలా వచ్చే "సైనస్ తలనొప్పి"కి వెలుతురు కూడా గిట్టకపోతే, అది మైగ్రేన్ ఏమోనని డాక్టర్‌ని అడగండి.