మా మేళంలో లయ పరుగు ఎలా ఆగిందంటే
నెల్లూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు వాయించే మేళం మాది. రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతిపెట్టె. నాది రెండో డోలు. ఆదితాళం కీర్తన చరణంలోకి వచ్చేసరికి లయ పరుగెత్తేది, మాట పెద్ద డోలు అన్న మీదికొచ్చేది.

ఫోన్‌లో రికార్డు చేసి అందరం కలిసి విన్నాం. ఊపిరి చాలక నాదస్వరం వాక్యాన్ని ముందే ముగిస్తోంది, డోలు దాన్ని అందుకుంటోంది, అంతే.

వాయిద్యాలు పక్కనపెట్టి, ఆదితాళంలోని భాగాలు, అంటే 4 అక్షరాల (లెక్కల) లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం 8 అక్షరాలు చేత్తో వేస్తూ పాడాం. నాదస్వరం ఇద్దరూ ఊపిరి తీసే చోట్లు పంచుకున్నారు: ఒకరు ఆపితే రెండోవారు పట్టుకోవాలి. దీనికే ఎక్కువ కాలం పట్టింది. లయ విషయంలో తాళం వేసే కుర్రాడిదే ఆఖరి మాటని మా పెద్దాయన ఒప్పుకున్నారు. అది చాలా పెద్ద మనసు. ఇప్పుడు రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఇదే సాధన చేస్తున్నాం.