కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ ఇంజినీరింగ్‌కి వెళ్లాలంటే

మార్చిలో యూసీల (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల) రిజల్ట్స్ వచ్చాక ఇక్కడ కాలిఫోర్నియాలో మన వాళ్లు చాలామంది "కమ్యూనిటీ కాలేజీలో వేస్తే నలుగురూ ఏమనుకుంటారో" అని టెన్షన్ పడతారు. ఇవి తక్కువ ఫీజుతో మొదటి రెండేళ్లు చదివి, ఆపైన యూనివర్సిటీకి మారే ప్రభుత్వ కాలేజీలు. నలుగురి మాట పక్కన పెట్టండి. మన దగ్గర పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం ఉంది కదా, ఇదీ దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ ర్యాంకు ఉండదు, ఏ కోర్సులు చేశారు, ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదే చూస్తారు, చేరేది మూడో సంవత్సరంలో. ఇక్కడి నివాసులకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు సెమిస్టర్ యూనిట్‌కి (అంటే క్రెడిట్‌కి) 46 డాలర్లు, రెండేళ్లకి సరిపడే 60 యూనిట్లకి 2,760. పుస్తకాలు, చిన్నచిన్న ఫీజులు వేరు. యూసీలో ఒక్క ఏడాది ట్యూషనే 14 వేలు దాటుతుంది.

ముందు కాలేజీని కాదు, చివర్లో చేరాల్సిన యూనివర్సిటీనీ బ్రాంచినీ అనుకోండి. రెండు మూడు క్యాంపస్‌లు రాసుకుని అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరిచి, మీ కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, మేజర్ (బ్రాంచి) పేరు ఇస్తే ఇక్కడి ఏ కోర్సు అక్కడి ఏ కోర్సుకి సరిపోతుందో చూపిస్తుంది. ఆ పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకోండి. మెకానికల్‌కి ఒక క్యాంపస్ అడిగే కోర్సు ఇంకో క్యాంపస్ అడగకపోవచ్చు, ఒక కాలేజీలో ఉన్న కోర్సు పక్క ఊరి కాలేజీలో అసలు లేకపోవచ్చు. ఇంటికి దగ్గరని చేర్చేసి తర్వాత చూద్దాం అనుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు.

అసలు కష్టమంతా మ్యాథ్స్ వరుసలో ఉంది. డి అంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ కాలేజీల్లో (ఏడాదిని సెమిస్టర్లుగా కాక, సమ్మర్‌తో కలిపి నాలుగు క్వార్టర్లుగా నడిపేవి) కాల్కులస్ నాలుగు భాగాలు, దాని తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. మొత్తం ఆరు. సమ్మర్ వదిలేస్తే రెండేళ్లలో ఉండేవీ ఆరు క్వార్టర్లే! ఒక్క క్వార్టర్ సీటు దొరక్కపోయినా, ఒక్కటి ఫెయిలైనా సమ్మర్‌లో కూర్చోవాలి, లేదంటే మూడో ఏడాదే. ప్రీకాల్కులస్ నుంచి మొదలుపెట్టాల్సిన పిల్లలైతే మొదటి రోజే మూడేళ్ల ప్లాన్ వేసుకోవడం మంచిది, అందులో తప్పేమీ లేదు. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్కులస్ పరీక్షలో మంచి స్కోరు ఉంటే ఒకటి రెండు కోర్సులు తగ్గొచ్చు. ఫిజిక్స్ కాల్కులస్ ఆధారంగా చెప్పేదే తీసుకోవాలి, అది కూడా మ్యాథ్స్ వెనకాలే నడుస్తుంది.

మా అబ్బాయి ఫిజిక్స్‌లో రెండు భాగాలు ఒక కాలేజీలో, మూడోది ఖాళీ ఉందని ఇంకో కాలేజీలో చేశాడు. రెండుచోట్లా పాఠాలు విడగొట్టిన తీరు వేరు, కొంత భాగం రెండుసార్లు వచ్చింది, కొంత అసలు రాలేదు, చివరికి మళ్లీ ఒక కోర్సు చేయాల్సి వచ్చింది. అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేరు, అందుకే చెబుతున్నాను: ఫిజిక్స్ అయినా కాల్కులస్ అయినా ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించండి.

చాలామంది "ముందు ఇంగ్లిష్, హిస్టరీ లాంటి జనరల్ కోర్సులు అయిపోగొట్టు" అంటుంటారు. ఇంజినీరింగ్ పిల్లలకి ఆ సలహా పనికిరాదు. రెండు ఇంగ్లిష్ కోర్సులు తప్పనిసరి, నిజమే, కానీ మొదటి క్వార్టర్ నుంచే మ్యాథ్స్ నడవాలి, మిగతావి వీలున్నచోట ఇరికించుకోవచ్చు.

ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అని ఒకటుంది, అడిగిన కోర్సులూ జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉంటే సీటు గ్యారంటీ. యూసీల్లో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, సెప్టెంబర్ నెలలోనే పెట్టాలి. ఇచ్చే క్యాంపస్‌లలో కూడా కొన్ని ఇంజినీరింగ్ మేజర్లకి ఇది వర్తించదు కాబట్టి ఆ ఏడాది పట్టికలో మీ మేజర్ ఉందో లేదో చూశాకే నమ్మకం పెట్టుకోండి. ట్యాగ్ పెట్టినా మామూలు అప్లికేషన్ విడిగా ఇవ్వాల్సిందే, దాంతోపాటు మిగతా యూసీలకీ, శాన్ హోసే స్టేట్, క్యాల్ పాలీ లాంటి సీఎస్‌యూలకీ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లకీ) వేయండి.

హెచ్4 (తల్లిదండ్రుల హెచ్1బీ మీద వచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి 21 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత ఆ వీసా ఉండదు. చదువు మధ్యలో స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తే ఫీజు లెక్క కూడా మారొచ్చు, అందుకే మూడో ఏడాది పొడిగించే ముందు లాయర్‌నీ కాలేజీ రెసిడెన్సీ ఆఫీసునీ అడగండి.

అప్లికేషన్ పంపాక జనవరిలో యూసీకి గ్రేడ్ల అప్‌డేట్ ఇవ్వాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. అందులో స్ప్రింగ్‌లో చేస్తామని రాసిన కోర్సు తర్వాత మానేస్తే వచ్చిన సీటు కూడా పోవచ్చు. ఏదైనా మార్చాల్సి వస్తే డ్రాప్ బటన్ నొక్కకముందే ఆ క్యాంపస్‌కి రాసి, జవాబు వచ్చేదాకా ఆగండి.